కుట్టులోకి పోయిన కొలత

బ్రాడ్వే సందులో నైనా మహమ్మద్ కొట్టు
దాని తలుపు కంటే వెడల్పు ఉండదు.
లోపల కర్రలన్నీ నిలబడే నిద్రపోతున్నాయి,
నైట్ డ్యూటీ దిగి లోకల్ రైలెక్కినవాళ్లలా.

"పోటీకా, పెద్ద చేపకా?"
ముందు అదే అడుగుతాడు.
నేను బ్లౌజులు కుట్టేవాణ్ణి,
నేనూ ముందు అదే అడుగుతాను:
పెళ్లికా, రోజూ కట్టుకోడానికా?

పోటీ కర్ర పొడుగు,
చిన్న చేపల్ని గంటకి నలభై లాగి వలబుట్టలో వేయడానికి.
పెద్ద చేపది పొట్టి, బలిసిన గోడలది.
గోటితో తడితే
ఒకటి టిక్కుమంటుంది, ఇంకోటి డబ్బుమంటుంది.

రెండింటికీ రీలు లేదు.
చేప పరిగెత్తితే వదలడానికి దారం లేదు,
కర్ర కడుపులో ఎలాస్టిక్ తప్ప.
ఎలాస్టిక్ గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.
పిన్నీసుకి గుచ్చి
ముప్ఫయ్యేళ్లుగా స్కూలు పిల్లల నిక్కర్లలోకి ఎక్కిస్తున్నాను.
కొత్తది బిగుసుకుంటుంది,
నాలుగు ఉతుకులు పడ్డది మాట వింటుంది.
బొచ్చెకి మాట వినేదే కావాలి.

పోయిన నెల చేట్‌పేట చెరువులో, ఏడో నంబరు దిమ్మె మీద,
ఒక బొచ్చె నా కర్రని విల్లులా వంచి
దారం తెంపుకుని
తీరిగ్గా వెళ్లిపోయింది.
పక్క దిమ్మె మీద తొమ్మిదో క్లాసు పిల్ల, వెణ్ణిల,
ఉడికిన మొక్కజొన్న గింజలతో
శీలావతుల్ని ఒక్కొక్కటే పట్టి, తూకం వేయించి,
మళ్లీ నీళ్లకి అప్పజెప్పి, కప్పు పట్టుకెళ్లింది.
"అంకుల్, మీ కర్ర తప్పు" అంది.
అది అరువు కర్రని చెప్పలేదు నేను.

నైనా ముక్కలో ముక్క దూర్చి
పదకొండు మీటర్లదాన్ని వీధిలోకి సాగదీశాడు.
"పైన కరెంటు వైర్లు! ఇది కార్బను!"
నా మోచేతిని కిందికి నొక్కాడు.
కొస ఎదుటి టీకొట్టు దాకా పోయింది.
అక్కడ ఒకాయన గ్లాసు పక్కకి జరుపుకున్నాడు.
ఒక ఆటో ఆగింది,
దాని వెనకది తిట్టింది.
"ఆడామ పిడిప్పా." కదలకుండా పట్టుకోమంటున్నాడు.

పట్టుకున్నాను.
ఊపిరి కూడా ఆపాను.
అయినా అవతల కొస
కొంచెం కొంచెంగా తల ఊపుతూనే ఉంది.
గాలి కాదు, మే నెల, ఆకు కదలట్లేదు.
లెక్కపెట్టాను.
నా నాడి.
నా గుండె ఇంత తొందరమనిషని
వీధి అవతలికి పంపితే గాని కనపడలేదు.

ధర చెప్పాడు.
కొస ఇంకా ఊగింది.

అప్పుడు మూలలోంచి గోనెసంచి లాగాడు.
ఇదీ పదకొండే, పెద్ద చేపకే.
ఎవరో పళ్ల డాక్టరు కారు తలుపులో పెట్టి మూసేశాడట,
మూడో ముక్క విరిగింది.
విరిగినచోట దారం చుట్టి జిగురు పూశారు.
నుదుటి మీది కళ్లజోడు కిందికి దింపాను.
చుట్టు పక్కన చుట్టు,
ఒకదాని మీదికి ఒకటి ఎక్కలేదు,
నడుమ వెంట్రుకంత సందు లేదు.
దారం కొస ఎక్కడ దాచారో
గీకి చూసినా దొరకలేదు.

"ఎవరి చెయ్యి?"
"మా అక్క ఫాతిముత్తు. ఇప్పుడు చూపు లేదు."
సగం దాకా వచ్చిన బేరం నోట్లోనే మింగేశాను.

బస్సులో కండక్టరు లగేజీ టికెట్ కొట్టాడు.
"కర్టెన్ రాడ్డా?"
అవునన్నాను.

రాత్రి వణ్ణారపేటలో, మిషను మీద గుడ్డ కప్పాక,
మేడ మీద కర్రని పొడుగ్గా పడుకోబెట్టి
మెడలో టేపు తీశాను.
పది మీటర్ల ఎనభై రెండు.
మళ్లీ కొలిచాను, అంతే.
పద్దెనిమిది సెంటీమీటర్లు కుట్టులోకి పోయాయి.
అతుకేసిన ఏ గుడ్డకైనా తప్పదని
కస్టమర్లకి చెబుతుంటాను.
వాళ్లు నన్నే అనుమానంగా చూస్తారు.

చేట్‌పేటలో బొచ్చె తిరిగే నీడ అంచు
దిమ్మెకి సరిగ్గా పదకొండు మీటర్లు.
ఆదివారం
ఆ తక్కువైనంత
నేనే ముందుకి వంగుతాను.